చిక్కపేట వీథులలో డిజిటల్ అంతరము - ప్రభుత్వ విధానముల పరిశీలనము

బెంగుళూరు చిక్కపేటను ఎఱుగని తెలుగువారు అరుదు. అనంతపురము, హిందూపురము, చిత్తూరు, కడప ప్రాంతముల నుండి పెండ్లి పట్టుచీరెల కొఱకు తరతరములుగా మనవారు ఇచ్చటికి వచ్చుచున్నారు. 1537లో కెంపేగౌడ కట్టించిన పట్టణమునకు ఇదియే నడిబొడ్డు. నేడు అవెన్యూ రోడ్డు అని వ్యవహరింపబడు దొడ్డపేట వీథియు, చిక్కపేట వీథియు కలియు కూడలి నుండి నాలుగు దిక్కులకు నాగళ్లు కట్టిన ఎడ్లను తోలించి పట్టణపు హద్దులు నిర్ణయించిరని ప్రతీతి. బళేపేటలో గాజులు, అక్కిపేటలో బియ్యము, అరళెపేటలో ప్రత్తి, ఇట్లు పేరును బట్టియే సరకు తెలియునట్లు ఏర్పడిన పేటలివి. ఈ పేటలలో బలిజలు, ఆర్యవైశ్యులు, పద్మశాలీలు, దేవాంగులు, తొగటవారు మున్నగు తెలుగు మాటాడు కుటుంబములు ఎంతకాలము నుండి ఉన్నవో లెక్కించుట కష్టము. 2011 జనాభా లెక్కల ప్రకారము నగరములో సుమారు ఏడుగురిలో ఒకరి మాతృభాష తెలుగు.

చిక్కపేట నుండి కొలది నిమిషముల నడకలో సదర్ పత్రప్ప రోడ్డు కలదు. ఎస్.పి. రోడ్డు అని నగరవాసులు పిలుచు ఈ వీథిలో కంప్యూటరు విడిభాగములు, తీగెలు, సెల్‌ఫోను సామగ్రి రాసులుగా పోసి అమ్ముదురు. దక్షిణదేశములో కంప్యూటరు వ్యాపారమునకు ఇంత పేరొందిన వీథులు కొలదియే. ఆ పెట్టెలను తలపై మోసి బండ్లకెత్తు హమాలీలలో ఎందఱు తమ పింఛను దరఖాస్తును తామే కంప్యూటరులో నింపగలరు? పట్టుచీరెల అంగడిలో నలువది ఏండ్లు లెక్కలు వ్రాసిన వృద్ధ గుమాస్తా తన బ్యాంకు ఖాతాను సెల్‌ఫోనులో చూచుకొనగలడా? తీగె ఇంటిముందు నుండియే పోవుచున్నది. 2017 జూన్ నుండి నేల క్రింద మెట్రో రైలుకూడ పరుగెత్తుచున్నది. యంత్రములకు కొఱత లేదు. ఐనను అంతరము ఉన్నది. తీగె చేరని కొండగ్రామములో దాని కారణము వెదుకనక్కరలేదు. తీగె చేరిన చిక్కపేటలో వెదుకవలసియున్నది. కావుననే డిజిటల్ అంతరమును గూర్చిన ప్రభుత్వ విధానములను పరీక్షించుటకు ఈ పేట మంచి గీటురాయి.

మొదట మాటను గూర్చి కొంత చెప్పవలెను. కంప్యూటరు, అంతర్జాలము గలవారికిని లేనివారికిని నడుమ ఏర్పడిన ఎడమునకు డిజిటల్ అంతరమని పేరు. అమెరికా ప్రభుత్వపు వాణిజ్యశాఖ 1995లో ఈ విషయమై ఒక నివేదిక ప్రకటించెను. పట్టణములకును పల్లెలకును, ధనికులకును పేదలకును గల వ్యత్యాసమును అందు లెక్కగట్టిరి. తరువాతి కొలది యేండ్లలో ఈ మాట లోకమంతట వ్యాపించెను. ఆరంభమున యంత్రము ఇంట ఉన్నదా లేదా అనునదే ప్రశ్న. పిమ్మట పరిశోధకులు, యంత్రమున్నను వాడుక తెలియునా, తెలిసినను తన భాషలో ఉన్నదా, వాడినవానికి దానివలన మేలు కలిగినదా అను ప్రశ్నలను చేర్చిరి. మన ప్రభుత్వములు మొదటి ప్రశ్నకు విస్తారముగ ధనము వెచ్చించినవి. మిగిలిన ప్రశ్నలకు అంత శ్రద్ధ దక్కలేదు.

అంకెలను చూచినచో విషయము స్పష్టమగును. 2017-18లో జరిగిన 75వ జాతీయ నమూనా సర్వే ననుసరించి పట్టణములలో నూటికి 42 కుటుంబములకు, పల్లెలలో నూటికి సుమారు 15 కుటుంబములకు అంతర్జాల సౌకర్యము ఉండెను. ఆ తరువాత చవుకధర ఫోనులు, చవుకధర డేటా వచ్చి ఈ ఎడము చాలవఱకు తగ్గినది. కాని ఒకే ఇంటిలోని ఎడము మాట వేఱు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎన్నడైనను అంతర్జాలము వాడితిమని చెప్పినవారు ఆంధ్రప్రదేశమున పురుషులలో నూటికి 49 మంది కాగా స్త్రీలలో 21 మంది మాత్రమే. తెలంగాణమున పురుషులు 57, స్త్రీలు 27. కర్ణాటకమున పురుషులు 62, స్త్రీలు 35. ఒకే కప్పు క్రింద, ఒకే తీగె క్రింద ఇంత వ్యత్యాసము కనబడుచున్నది. ఇల్లు లెక్కలో చేరినది, ఇల్లాలు చేరలేదు.

ఇట్టి అంతరములు మన దేశమునకు క్రొత్త కావు. 1902లో శివనసముద్రపు జలపాతము నుండి పుట్టిన విద్యుత్తు మొదట పోయినది కోలారు బంగారు గనులకు. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905 ఆగస్టు 5న. గనులకు ముందు, వీథికి తరువాత, పేదవాని ఇంటికి మఱి కొన్ని దశాబ్దములకు; విద్యుత్తు నడచిన త్రోవ ఇది. టెలిఫోను చరిత్ర ఇంకను బోధకరముగ ఉన్నది. 1984లో సామ్ పిట్రోడా ప్రేరణతో సీ-డాట్ సంస్థ ఏర్పడిన పిమ్మట దేశమంతట ఎస్.టి.డి. బూతులు వెలసినవి. పసుపుపచ్చని బోర్డులతో కూడిన ఆ బూతులు చిక్కపేట సందులలోను అడుగడుగున నుండెడివి. ఇంటింటికి ఫోనిచ్చు శక్తి నాటి ప్రభుత్వమునకు లేదు. కాని ఒక మనిషి కూర్చున్న బల్లపై ఫోనుంచి, అంకెలు నొక్కలేనివానికి ఆతడు నొక్కిపెట్టి, మాటాడిన కాలమునకు యంత్రము అచ్చువేసిన చీటీ చూపి సొమ్ము తీసికొను ఏర్పాటు చేసెను. ధర్మవరము నుండి వచ్చిన నేతగాడు, కూలికి వచ్చిన రాయలసీమ రైతు చదువు రాకయే ఇంటికి ఫోను చేసికొనిరి. యంత్రమునకును ప్రజలకును నడుమ ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక చీటీ, ఇదియే ఆ విధానపు రహస్యము. ఈ రహస్యమును మనము తరువాత మఱచితిమని నా అభిప్రాయము.

మఱచుటకు ముందు దానిని చక్కగ వాడుకొనిన ఉదాహరణములును కలవు. హైదరాబాదులో 1999 డిసెంబరులో ట్విన్స్ అను పేర ఒక ప్రయోగము జరిగినది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్ను మొదలగువాని కొఱకు వేర్వేరు కచేరీలకు తిరుగ నవసరము లేకుండ అన్నియు ఒకే కిటికీ వద్ద చెల్లింపవచ్చును. 2001లో ఇది ఈసేవగా విస్తరించెను. 2002లో పశ్చిమగోదావరి జిల్లాలో పొదుపు సంఘముల మహిళలకే మండలములలోని కేంద్రములను అప్పగించిరి. బెంగుళూరులో 2005లో వెలసిన బెంగుళూరు వన్ కేంద్రములు ఈ మార్గమునే అనుసరించినవి. 2011లో ఆంధ్రప్రదేశమున మీసేవ వచ్చినది. వీనియందు పౌరునికి కంప్యూటరు రానక్కరలేదు. కిటికీ వెనుక నున్నవానికి వచ్చిన చాలును. బెంగుళూరు వన్ కిటికీలయందు మఱియొక మేలు కలదు. తెర కన్నడమునను ఆంగ్లమునను మాత్రమే మాటాడును గాని, కిటికీ వెనుకనున్న గుమాస్తా పలుమాఱులు తెలుగులోను మాటాడును.

కర్ణాటకమున భూమి పథకము మఱింత లోతుగా పరిశీలింపదగినది. 2001 నాటికి సుమారు రెండు కోట్ల భూమి పట్టికలను కంప్యూటరులో నెక్కించి, తాలూకా కచేరీలలో కిటికీలు తెఱచి, 15 రూపాయలకు పహాణీ ప్రతి నిచ్చిరి. అంతకుముందు గ్రామలెక్కిగుని చేతివ్రాత ప్రతియే దిక్కు. అతడు దొరకవలెను, అతనికి మనసు రావలెను, తఱచుగ చేయి తడుపవలెను. ఆ బాధ తీఱెనని రైతులు సంతోషించిరి. ఆ సంతోషము నిజమైనది. ఐతే చేతివ్రాత ప్రతులు చెల్లవని శాసించుటతో, ఊరిలో దొరకు కాగితము కొఱకు రైతు తాలూకాకు పోవలసివచ్చినది. బస్సు కిరాయి, ఒక దినపు కూలి, వరుసలో నిలుచు శ్రమ ఇవన్నియు 15 రూపాయలకు అదనము. 2006లో హోబళి స్థాయిలో సుమారు 800 నెమ్మది కేంద్రములు తెఱచుటకు ఈ కష్టమే ఒక కారణము. బెంగుళూరు చుట్టుపట్ల మఱియొక విచిత్రము జరిగినది. పట్టికలు ఒకచోట చేరుటతో, ఎక్కడి భూమి ఎవరిదో తేలికగ తెలిసికొనగలిగిన పెద్ద వ్యాపారులకే లాభము చేకూరెనని 2007లో సోలొమన్ బెంజమిన్ మున్నగు పరిశోధకులు వాదించిరి. ఈ వాదమును అందఱును అంగీకరింపలేదు. సమాచారము తెఱచినంత మాత్రమున అందఱికి సమముగ తెఱచినట్లు కాదను మాటను మాత్రము త్రోసివేయ వీలులేదు.

ఇచ్చట మన కుప్పమును తలపవలెను. బెంగుళూరునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, తెలుగు, కన్నడము, తమిళము మూడును కలియు ఆ సీమలో 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థయు ఆంధ్రప్రదేశ ప్రభుత్వమును కలసి ఐ-కమ్యూనిటీ అను పథకమును ఆరంభించినవి. సమాచార కేంద్రములు వెలసినవి. అన్నిటికన్న మనోహరమైనది స్త్రీల ఫోటోగ్రఫీ ప్రయత్నము. పొదుపు సంఘముల స్త్రీలకు డిజిటల్ కెమెరా, చిన్న ముద్రణయంత్రము, సూర్యరశ్మితో నడచు విద్యుత్ సంచి ఇచ్చిరి. గుర్తింపు కార్డులకు కావలసిన ఫోటోలు, పెండ్లి పేరంటముల ఫోటోలు తీసి వారు సొమ్ము గడించిరి. చదువు అంతగా లేనివారును నేర్చిరి. ఏలయన, నేర్చినది ఆ సాయంకాలమే చేతికి నాలుగు రూపాయలు తెచ్చినది. ఈ పథకము కొలది సంవత్సరముల గడువుతో ఏర్పడినది. గడువు తీఱిన పిమ్మట సంస్థ వైదొలగినది. స్థానికముగ జీతమిచ్చువారు, యంత్రము చెడినచో బాగుచేయించువారు ఏర్పడక మునుపే నిర్వాహకులు మరలిపోయినచో పథకము నిలువదని కుప్పమును పరిశీలించినవారు గుర్తించిరి. ప్రారంభోత్సవమునకు మంత్రులు దొరకుదురు. అయిదవ ఏట ముద్రణయంత్రపు సిరా కొనుటకు ఎవరును దొరకరు.

తీగెలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2002 నుండి టెలిఫోను సంస్థల ఆదాయములో నూటికి 5 వంతు సార్వత్రిక సేవానిధికి చేరుచున్నది. 2023 నాటి టెలికాం శాసనము దీనికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చెను. 2011లో కేంద్రము సంకల్పించిన భారత్‌నెట్ రెండు లక్షలకు మించిన పంచాయతులను చేరినది. ఆంధ్రప్రదేశమున ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతి కంకితము చేసిరి. నేలను త్రవ్వక కరెంటు స్తంభములపైననే తీగె లాగుటచే ఖర్చు మిక్కిలి తగ్గినది. నెలకు 149 రూపాయలకు అంతర్జాలము, టెలివిజను, ఫోను ఇత్తుమని నాడు ప్రకటించిరి. తెలంగాణమున మిషన్ భగీరథ నీటి గొట్టముల కొఱకు త్రవ్విన కాలువలలోనే తీగె వేయ దలపెట్టిరి. ఇవన్నియు మెచ్చదగినవే. కాని చిక్కపేట సమస్యకు ఇవి మందు కావు.

శిక్షణ విధానములోని లోపము చిక్కపేటవారికి నేరుగా తగులును. 2017లో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అను పేర 6 కోట్ల గ్రామీణ కుటుంబములలో ఇంటికొక్కరికి కంప్యూటరు, సెల్‌ఫోను వాడుక నేర్ప సంకల్పించెను. 2024 మార్చి నాటికి పథకము ముగిసెను. లెక్కలలో లక్ష్యమునకు మించి 6 కోట్ల 39 లక్షలమందికి శిక్షణ యిచ్చిరి. పేరులోనే ఉన్నట్లు ఇది గ్రామీణులకే. పట్టణమునకు వచ్చిన క్షణము నుండి మనిషి డిజిటల్ విద్యావంతుడగునను భావము ఈ విధానమున దాగియున్నది. హిందూపురము ప్రక్క పల్లెలో ఉన్నంతకాలము అర్హుడైన వ్యక్తి, చిక్కపేటలో మూటలు మోయుటకు వచ్చిన మఱునాడు అనర్హుడు. అతని కష్టములు మాత్రము పట్టణములో తగ్గక పెరిగినవి. పల్లెలో ముఖపరిచయముతో నడచు పని పట్టణములో ఓటీపీతో నడచును. ఆ అంకెలను ఎవరికి చెప్పవచ్చునో, ఎవరికి చెప్పరాదో అతనికి నేర్పినవారు లేరు. దొంగలు మాత్రము నేర్చిరి. పోలీసులమని బెదరించి "డిజిటల్ అరెస్టు" పేర సొమ్ము కాజేయు ముఠాల వలలో చదువుకొన్నవారే పడుచుండగా చదువులేనివారి గతి చెప్పనేల? ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేసినచో పోయిన సొమ్మును నిలుపుటకు వీలు కలదని చిక్కపేటలోని ప్రతి అంగడి గోడపై వ్రాయదగును.

భాష విషయము తెలుగువారికి ప్రత్యేకముగ ముఖ్యమైనది. 1991లో యూనికోడ్ మొదటి రూపములోనే తెలుగునకు స్థానము దొరకినది. కంప్యూటరు అక్షరముల పట్టికలో తెలుగునకు 128 గదులు కేటాయించిరి. వెనువెంటనే వచ్చు 128 గదులు కన్నడమునకు. శాసనములలో వేయేండ్ల క్రితము ఒకే లిపిగా నుండిన సోదరీమణులు యంత్రములోను ఇరుగుపొరుగుననే కాపురముండుట ముచ్చటైన సంగతి. పేటలోని మన పెద్దలలో తెలుగు, కన్నడము రెండును కూడబలుకుకొని చదువగలవారు పెక్కుమంది కలరు. కాని స్థానము దొరకుట వేఱు, సుఖముగ నుండుట వేఱు. ఆంగ్లములో పంపు ఫోను సందేశమున 160 అక్షరములు పట్టును. తెలుగులో 70 మాత్రమే. పైగా మనము ఒక్క అక్షరముగా భావించు "స్త్రీ" యంత్రమునకు ఆఱు గుర్తులు. కనుక బ్యాంకు తెలుగులో సందేశము పంపినచో దానికి ఖర్చు రెట్టింపునకు మించును. బ్యాంకులు ఆంగ్లమునే పట్టుకొని వ్రేలాడుటకు ఇది చిన్న కారణము కాదు. 2016లో కేంద్రప్రభుత్వము దేశమున నమ్మబడు ప్రతి సెల్‌ఫోనులోను 22 భాషల సందేశములు చదువ వీలుండవలెనని ప్రమాణము నిర్ణయించినది. ఇది ఎవరును మాటాడుకొనని గొప్ప పని. 2022లో ఆరంభమైన భాషిణి పథకము మాటను మాటగనే తర్జుమా చేయు సాధనములను సిద్ధపఱచుచున్నది. అంగడులలో వెలసిన మాటాడు పెట్టెలను చూడుడు. సొమ్ము అందినదని కొన్నవానికిని అమ్మినవానికిని వినబడునట్లు దేశభాషలో పలుకు ఆ పెట్టెను చదువురాని పూలమ్మి సైతము ఒక్క దినములో నమ్మెను. ఎవరును ఆమెకు శిక్షణ ఇయ్యలేదు. యంత్రము ఆమె చెవికి తగినట్లు మాటాడినది, అంతియే.

ఇక బలవంతమును గూర్చి. క్రొత్త ద్వారము తెఱచుట ఒక విధానము. క్రొత్తది తెఱచిన దినముననే పాతదానిని మూయుట మఱియొకటి. ఈ రెండవదియే అంతరమును పెంచుచున్నదని ఈ వ్యాసమున నేను ముఖ్యముగ చెప్పదలచినది. 2021 మే 1 నుండి 18 మొదలు 44 ఏండ్ల లోపువారికి కోవిడ్ టీకా కావలెనన్నచో అంతర్జాలములో ముందుగ పేరు నమోదు చేసికొని సమయము పుచ్చుకొనుట తప్పనిసరి చేసిరి. ఫలితముగ వేళ్ల వేగము గల నగరయువకులు గ్రామ కేంద్రములకు కార్లలో పోయి టీకా వేయించుకొనిరి. ఆ గ్రామస్థులు చూచుచుండిరి. మే 24న ప్రభుత్వ కేంద్రములలో నేరుగా వచ్చినవారిని నమోదు చేయుటకు అనుమతి నిచ్చిరి. మే 31 నాటి ఉత్తరువులో సుప్రీంకోర్టు ఈ డిజిటల్ అంతరమును ప్రస్తావించి ప్రభుత్వమును ప్రశ్నించెను. ఒక్క మాసములో ఒక విధానము మారినది. ఆ మాసము రోగము ఉద్ధృతముగ నున్న మాసము.

దీనికి విపర్యయమైన ఉదాహరణము మన తెలుగునేలయందే కలదు. అవిభక్త ఆంధ్రప్రదేశములో ఉపాధిహామీ కూలిని, సామాజిక పింఛనులను వేలిముద్రతో కూడిన స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చుటకు ఏర్పాటు చేసినపుడు, కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తన్కర్ అను అర్థశాస్త్రజ్ఞులు 2010-12 నడుమ 157 మండలములలో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా గల ప్రాంతమున, దాని ఫలితములను పరీక్షించిరి. ఏ మండలము ముందు, ఏది వెనుక అనునది చీట్లు వేసినట్లు నిర్ణయింపబడినది. సొమ్ము త్వరగా చేరెను, నడుమ జాఱిపోవుట తగ్గెను, లబ్ధిదారులలో అత్యధికులు క్రొత్త పద్ధతినే మెచ్చుకొనిరి. రెండేండ్ల తరువాత కూడ సుమారు సగము చెల్లింపులే క్రొత్త పద్ధతికి మారినవి. దీనిని వైఫల్యమని కొందఱనవచ్చును. నేను అటుల తలపను. కార్డు లేనివానికి పాత పద్ధతిలో సొమ్మిచ్చుట మానలేదు. కావుననే ఎవరి నోటికాడి కూడును పడిపోలేదు. సున్నము మోసి, మూటలెత్తి వేళ్ల గీతలు అరిగిపోయిన కూలివాని చేతిని యంత్రము గుర్తింపనపుడు ఈ తెఱచియుంచిన పాత ద్వారమే అతనికి ప్రాణము. ఆధార్ తీర్పులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కూడ వేలిముద్ర కలియలేదని లబ్ధి నిరాకరింపరాదని చెప్పినది. చిక్కపేట కూలీలకు ఈ మాట నిత్యావసరము. 2019 ఆగస్టులో తెలుగు రాష్ట్రముల నడుమ ప్రయోగముగ మొదలై, 2020 జనవరి 1 నాటికి కర్ణాటకము సహా 12 రాష్ట్రములకు వ్యాపించిన ఏకదేశ రేషను కార్డు విధానముచే అనంతపురపు కార్డుతో బెంగుళూరులో బియ్యము తీసికొన వచ్చును. కేంద్రచట్టము క్రింద వచ్చు బియ్యము మాత్రమే ఇట్లు వెంట వచ్చును. రాష్ట్రము తన వంతుగ కలుపునది రాదు. ఆ బియ్యము దొరకుటయు వేలిముద్రపైననే ఆధారపడియున్నది.

2025లో బెంగుళూరు చిల్లరవర్తకుల నడుమ రేగిన కలకలమును ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 2016 ఏప్రిలులో ఆరంభమైన యూపీఐ, అదే ఏట నవంబరు 8 నాటి నోట్ల రద్దు పిమ్మట వేగము పుంజుకొనెను. 2020 జనవరి నుండి వర్తకుని వద్ద రుసుము వసూలు చేయరాదని శాసించుటతో టీ కొట్టు, పూలబుట్ట, తోపుడుబండి అన్నింటికి గళ్లచీటీ అంటుకొన్నది. అదే సంవత్సరము జూన్‌లో ఆరంభమైన స్వనిధి పథకము వీథి వర్తకులకు 10,000 రూపాయల ఋణమిచ్చి, డిజిటల్ చెల్లింపులు పుచ్చుకొనినచో కొంత సొమ్ము తిరిగి యిచ్చుచు ప్రోత్సహించెను. 2025 ఆగస్టులో ఒక్క నెలలో దేశమున 2,000 కోట్లకు మించిన యూపీఐ చెల్లింపులు జరిగినవి. అంతరమును తగ్గించిన విధానములలో దీనిని మించినది మన దేశమున లేదు, ఇది నిస్సంశయము.

ఐతే 2025 జూలైలో కర్ణాటక వాణిజ్యపన్నుల శాఖ 2021-22 నుండి నాలుగేండ్ల యూపీఐ రాబడులను పరిశీలించి, వేలకొలది చిన్న వర్తకులకు నోటీసులు పంపినది. సరకు నమ్మువానికి ఏటా 40 లక్షలు, సేవలందించువానికి 20 లక్షలు మించినచో జీఎస్టీ నమోదు తప్పనిసరి యని చట్టము. చట్టము అందఱికిని ఒకటే, నిజమే. కాని ఖాతాలో పడిన ప్రతి రూపాయి అమ్మకమా? చుట్టమిచ్చిన చేబదులు, చీటిపాట సొమ్ము, ప్రక్కవాని కొఱకు పుచ్చుకొని గల్లాలోనుండి నోట్లిచ్చిన చిల్లర, ఇవన్నియు ఒకే ఖాతాలో చేరును. కూరగాయలు, పాలు, పండ్లు పన్ను లేని సరకులు. వానినమ్మువారికిని నోటీసులు వచ్చినవి. కొలది దినములలో బెంగుళూరు అంగడులపై గళ్లచీటీలు చినిగినవి, "నగదు మాత్రమే" అను బోర్డులు వెలసినవి. వర్తకులు సమ్మెకు సిద్ధపడగా జూలై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వారితో మాటాడి పాత బకాయిలకై పట్టుపట్టబోమని, ఇకపై నమోదు చేసికొనవలెనని చెప్పిరి.

ఎనిమిది తొమ్మిదేండ్లు శ్రమించి సంపాదించిన విశ్వాసము పదిదినములలో కదలెను. లోపము ఎచ్చట? గళ్లచీటీ అంటించినపుడు దానివెంట ఖాతా వ్రాయుట నేర్పువాడు రాలేదు. చిక్కపేట పెద్దవ్యాపారికి ఎఱ్ఱగుడ్డ కట్టిన చిఠ్ఠా ఉన్నది, ఆడిటరు ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు. అతని అంగడి మెట్లపై పూలమ్ము స్త్రీకి సెల్‌ఫోను ఒక్కటే ఉన్నది. ఇరువురును డిజిటల్ లెక్కలలో ఒక్కొక్కరుగానే చేరినారు. చీటీలెన్ని అంటించితిమని లెక్కించిన ప్రభుత్వము, ఎందఱు తమ రాబడిని తామే చదువగలరని లెక్కింపలేదు. ఈ సంగతి ఒక్క కర్ణాటకమునకే వర్తించునది కాదు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మఱియొక ముఖ్యమైన తీర్పు చెప్పినది. యాసిడ్ దాడికి గురియైనవారును, అంధులును కన్ను ఆర్పి చూపుమను బ్యాంకు పరీక్షలో నెగ్గలేకపోవుటను గూర్చిన వ్యాజ్యమది. డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగపు 21వ అధికరణమున చెప్పిన జీవనహక్కులో భాగమని న్యాయస్థానము నిర్ణయించి, 20 ఆదేశముల నిచ్చినది. వికలాంగులను గూర్చి పుట్టినను, గ్రామీణులకు, వృద్ధులకు, భాషాల్పసంఖ్యాకులకు కూడ ఈ అంతరము అడ్డగుచున్నదని తీర్పు పేర్కొన్నది. బెంగుళూరులోని తెలుగువారు భాషాల్పసంఖ్యాకులే గదా. కన్నడనాట కన్నడము నేర్చుట మన ధర్మము. అందు సందేహము లేదు. కాని కూలికి వచ్చి ఆఱునెలలైన మనిషికి బియ్యపు తెర అర్థము కాకుండుట నేరము కారాదు.

2025 సెప్టెంబరులో బెంగుళూరు నగరపాలనము ఐదు కార్పొరేషనులుగా విడిపోయినది. క్రొత్త కచేరీలు, క్రొత్త తెరలు ఏర్పడుచున్న ఈ సమయముననే కొన్ని కోరికలు చెప్పుట సముచితము. పేటలో బెంగుళూరు వన్ వంటి కిటికీలు పెరుగవలెను, వాని వేళలు అంగడి గుమాస్తాకు అనుకూలముగ నుండవలెను. ఉదయము పది నుండి సాయంకాలము వఱకు తెఱచు కిటికీ, అవే గంటలు పనిచేయువానికి మూసిన కిటికీయే. రెండవది, జెరాక్సు అంగడులలోను సైబర్ సెంటర్లలోను దరఖాస్తులు నింపిపెట్టువారిని దళారులని తఱుముట కన్న, నాటి ఎస్.టి.డి. బూతువలె ధర నిర్ణయించి, చేసిన పనికి చీటీ యిప్పించి, గుప్తసంఖ్యలు తమవద్ద నిలుపుకొనరాదని కట్టడి చేయుట మేలు. ప్రజలు ఎట్లును వారి యొద్దకే పోవుచున్నారు.

మూడవది మన సంఘములు చేయదగిన పని. చిక్కపేటలో ఆదివారము అంగడులు చాలవఱకు మూసియుండును. ఆ దినమున రెండు గంటలు, ఇరువది మందిని మించని తరగతి, తెలుగులో, వారి ఫోనులపైననే జరుగవలెను. యాసలు, ఇంటి మాటలు తెలిసిన మన కళాశాలల పిల్లలు ఉపాధ్యాయులు కావచ్చును. మొదటి వారము ఖాతాలోని రాబడిని చదువుట, రెండవ వారము అమ్మకపు సొమ్మును చేబదులు నుండి వేఱుచేసి ఒక నోటుపుస్తకములో వ్రాయుట, మూడవ వారము మోసపు ఫోనును గుర్తించుట, నాలుగవ వారము రేషను, పింఛను దరఖాస్తుల స్థితి చూచుట. ఇంటిలోని స్త్రీలకు వేఱుగ మధ్యాహ్నపు వేళ తరగతి యుండవలెను. ఏలయన ఆదివారము ఉదయము వారికి సెలవు కాదు. నోటుపుస్తకములు అవెన్యూ రోడ్డులో డజనుల లెక్కన చవుకగా దొరకును.